ఇంట్లో ఐస్‌క్రీమ్ చేస్తే నిజంగా డబ్బులు మిగులుతాయా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరు పిల్లలు. బడికి సెలవులు ఇచ్చినప్పటి నుంచి సాయంత్రం అయితే చాలు, ఐస్‌క్రీమ్ కావాలని ఒకటే గొడవ. రోజుకు 80 నుంచి 100 రూపాయలు దానికే పోతున్నాయి. కొన్ని రోజుల్లో కరీంనగర్ నుంచి మా ఆడబిడ్డ పిల్లలు కూడా వస్తారు. వీడియో చూసి ఒకసారి ఇంట్లో చేశాను. టోన్డ్ పాలు కాచి, పిల్లలకు మంచిదని చక్కెర తగ్గించి, లోతు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెడితే రాయిలా గడ్డకట్టింది. చెంచా దిగలేదు. ఇంకో వీడియోలో చెప్పినట్టు క్రీమ్, కండెన్స్‌డ్ మిల్క్ తెద్దామంటే 300 దాటుతోంది. నాలుగు వేలు పెట్టి ఐస్‌క్రీమ్ మిషన్ కొందామని నేనంటే, ఎందుకీ తంటాలు అని మా ఆయన అంటున్నారు. ఇంట్లో చేస్తే నిజంగా నాలుగు పైసలు మిగులుతాయా? మే నెలాఖరులో మా చిన్నోడి పుట్టినరోజు. పాతికమంది పిల్లలు వస్తారు. వాళ్లకు కూడా ఇంట్లోనే చేయొచ్చా?
– ఒక చెల్లెలు, హనుమకొండ

సమాధానం: మిగులుతాయి చెల్లెమ్మా. కానీ పాలతో మొదలుపెడితేనే మిగులుతాయి. క్రీమ్ ప్యాకెట్లు, కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలతో మొదలుపెడితే ఇంట్లో చేసినదానికి కూడా ఇంచుమించు షాపు ఐస్‌క్రీమ్ ధరే పడుతుంది. ఇక మిషన్ అసలు వద్దు. మీ ఆయన అన్న తంటాల మాటలోనూ నిజం ఉంది. అందుకే మీకున్న ఫ్రిజ్, మిక్సీ, పొయ్యితో అయ్యే పద్ధతే చెబుతాను.

ముందు ఆ వీడియో లెక్క చూద్దాం. కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా, విప్పింగ్ క్రీమ్ అర లీటరు. ఈ రెండింటితో లీటరు పైచిలుకు ఐస్‌క్రీమ్ వస్తుంది. మీరే అన్నట్టు 300 దాటుతుంది. అదే డబ్బుకు షాపులో ఇంచుమించు అంతే వస్తుంది. పైగా విప్పింగ్ క్రీమ్‌లో చవకగా దొరికేది చాలావరకు పాల క్రీమ్ కాదు, వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసింది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, 'నాన్ డెయిరీ' అని కనిపిస్తుంది. అది విషమేమీ కాదు గానీ, పిల్లలకు పాలతో చేసి పెడుతున్నామన్న తృప్తితో కష్టపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని కొనాలి. కిరాణా షాపులో 'ఫ్రెష్ క్రీమ్' పేరుతో దొరికే చిన్న ప్యాకెట్‌లో కొవ్వు 25 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని ఎంతసేపు గిలక్కొట్టినా విప్పింగ్ క్రీమ్‌లా పొంగదు. చాలామంది ఇళ్లలో అక్కడే పాడవుతుంది.

షాపులో కొనేటప్పుడు మనం మిల్లీలీటర్లు చూసి కొంటాం. ఐస్‌క్రీమ్‌లో మాత్రం చూడాల్సింది బరువు. మిషన్‌లో గిలక్కొట్టేటప్పుడు లోపలికి గాలి ఎక్కుతుంది. ఆ గాలి లేకపోతే ఐస్‌క్రీమ్ గట్టిగా, ముద్దగా ఉంటుంది కాబట్టి కొంత గాలి కావాల్సిందే. మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కన, మామూలు ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం, మొత్తం ఘనపదార్థం కనీసం 36 శాతం ఉండాలి. లీటరు ఐస్‌క్రీమ్ 525 గ్రాములకు తగ్గకూడదు. అంటే 700 మిల్లీలీటర్ల ఫ్యామిలీ ప్యాక్‌లో 370 గ్రాముల సరుకున్నా నిబంధనకు సరిపోయినట్టే. మిగతాది గాలి. అదే డబ్బా మీద 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే పాల కొవ్వు బదులు వెజిటబుల్ ఆయిల్ వాడారని అర్థం. బండి మీద చవకగా దొరికే కప్పులు, కోన్లలో ఇవి చాలా ఉంటాయి. ఇంటి ఖర్చును దేనితో పోలుస్తున్నామో తెలియాలి గనక ఇంత చెప్పాల్సి వచ్చింది.

ఇక మీది రాయి ఎందుకయిందో చూద్దాం. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, మిగతా ఘనపదార్థం 8.5 శాతం. అంటే నూటికి 88 వంతులు నీళ్లే. ఆ నీళ్లను ఫ్రీజర్‌లో పెడితే మంచుగడ్డ కాక ఏమవుతుంది? దానికితోడు చక్కెర తగ్గించారు. ఐస్‌క్రీమ్‌లో చక్కెర తీపి కోసమే కాదు. చక్కెర కరిగిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. కొంత నీరు గడ్డకట్టే కొద్దీ మిగిలిన నీటిలో చక్కెర మరింత చిక్కబడి, ఫ్రీజర్‌లో కూడా అది పాకంలాగే ఉండిపోతుంది. చెంచా దిగేది ఆ పాకం ఉండబట్టే. చక్కెర తగ్గిస్తే ఆ పాకం తగ్గి, గడ్డ పెరుగుతుంది. పిల్లలకు చక్కెర తగ్గించాలంటే పెట్టే కప్పు చిన్నది చేయండి, మిశ్రమంలో మాత్రం తగ్గించొద్దు. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి, పొయ్యి మీద రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువ తీపి అనిపించాలి.

మూడోది, లోతు డబ్బా. పాలు నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవవుతాయి, త్వరగా గడ్డకడితే చిన్నవిగా ఉంటాయి. చిన్న పలుకులు నాలుకకు తెలియవు, నున్నగా ఉందంటాం. పెద్దవైతే కరకరమంటాయి. లోతు డబ్బాలో మధ్య భాగానికి చల్లదనం చేరడానికి చాలా గంటలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి కూడా కలపకపోతే ఆ పలుకులు ఒకదానికొకటి అతుక్కుని ఒకే గడ్డ అవుతాయి.

ఇప్పుడు చేసే పద్ధతి. ఫుల్ క్రీమ్ పాలు లీటరు తీసుకోండి. ప్యాకెట్ మీద కొవ్వు 6 శాతం, ఇతర ఘనపదార్థం 9 శాతం అని ఉన్నది. విజయ అయినా, కరీంనగర్ డెయిరీదైనా, మన ముల్కనూర్ మహిళా డెయిరీదైనా మీకు ఏది తాజాగా దొరికితే అది. గేదె పాలు పోసేవాళ్లు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది, నీళ్లు కలపకుండా పోస్తేనే. వెడల్పుగా, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి మీడియం మంట మీద కలుపుతూ మరిగించండి. లీటరు పాలు 600 మిల్లీలీటర్ల దగ్గరికి రావాలి. గిన్నెలో ఒక పుల్ల నిలబెట్టి మొదటి మట్టం దగ్గర గీత పెట్టుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది. అంచులకు కట్టిన మీగడను గంటెతో గీకి మళ్లీ పాలలోకే వేయండి. అడుగంటితే మాత్రం గీకొద్దు. మాడు వాసన చల్లారాక ఇంకా బాగా తెలుస్తుంది. అలా అయితే పై పాలను వేరే గిన్నెలోకి వంచేసుకోండి.

పాలు మరిగేలోపు అర గ్లాసు చల్లటి పాలలో రెండు పెద్ద చెంచాల పాలపొడి, ఒకటిన్నర పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి పెట్టుకోండి. ఈ అర గ్లాసును ఆ లీటరులోంచే ముందు తీసి పక్కన పెట్టుకోవచ్చు. మరిగిన పాలలో 110 గ్రాముల చక్కెర వేసి, ఈ మిశ్రమం పోసి, మరో మూడు నిమిషాలు ఆపకుండా తిప్పండి. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా ఉడకాలి, లేకపోతే పిండి రుచి మిగులుతుంది. గంటె వెనుక వేలితో గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. అప్పుడు దించండి. పాలపొడి ఇంకో రెండు చెంచాలు వేస్తే ఇంకా బాగుంటుందని అనిపిస్తుంది, వేయకండి. పాలలోని లాక్టోజ్ చక్కెర ఎక్కువై, ఫ్రీజర్‌లో పలుకులు కట్టి ఇసుక ఇసుకగా తగులుతుంది.

గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో పెట్టి కలుపుతూ చల్లార్చండి. మన ఎండాకాలంలో పాల పదార్థాన్ని వంటగట్టు మీద గంటల తరబడి వదిలేయకూడదు. గోరువెచ్చగా అవ్వగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో రాత్రంతా ఉంచండి. కనీసం నాలుగు గంటలు. ఈ విరామాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ సమయంలో కొవ్వు గట్టిపడి, పాల మాంసకృత్తులు నీటిని బాగా పీల్చుకుంటాయి. తర్వాత గిలక్కొట్టినప్పుడు గాలి నిలిచేది అందుకే. వెనిలా ఎసెన్స్ అయినా, ఇలాచీ పొడి అయినా పూర్తిగా చల్లారాక వేయండి. వేడి మీద వేస్తే వాసన ఆవిరితోపాటే పోతుంది.

పొద్దున ఆ మిశ్రమాన్ని వెడల్పాటి స్టీల్ టిఫిన్‌లో రెండు వేళ్ల మందాన పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. స్టీలులో ప్లాస్టిక్ కంటే త్వరగా చల్లబడుతుంది. రెండు మూడు గంటలకు అంచులు గట్టిపడి మధ్యలో మెత్తగా ఉంటుంది. అదే అదను. చెంచాతో గీకి, ముందే ఫ్రిజ్‌లో పెట్టిన మిక్సీ జార్‌లో వేసి, ఇంట్లో పాల మీద తీసి దాచుకున్న మీగడ మూడు పెద్ద చెంచాలు కలిపి, ఆపి ఆపి అర నిమిషం తిప్పండి. రంగు తెల్లబడి కాస్త ఉబ్బుతుంది. అంతకు మించి తిప్పితే వేడికి కరిగిపోతుంది, మీగడ వెన్నగా విడిపోతుంది కూడా. మళ్లీ టిఫిన్‌లో పోసి, ఇంకో రెండు గంటల తర్వాత ఇంకోసారి ఇలాగే తిప్పండి, మీగడ మాత్రం మళ్లీ వేయొద్దు. రెండోసారి అయ్యాక పైన ప్లాస్టిక్ కవర్ గానీ బటర్ పేపర్ గానీ ఐస్‌క్రీమ్‌కు అంటుకునేలా పరిచి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పై మూత మాత్రమే పెడితే ఖాళీలో తేమ చేరి పైన మంచు పొర కడుతుంది. తినే ముందు ఐదు నిమిషాలు బయట ఉంచితే చెంచా దిగుతుంది.

ఇందులో ఏముందో లెక్క వేయండి. లీటరు పాలలోంచి కొవ్వు 60 గ్రాములు, మీగడలోంచి ఇంకో 25. మొత్తం మిశ్రమం 800 గ్రాములు. కొవ్వు 10 శాతం దాటింది. పాల ఘనపదార్థం, చక్కెర, పొడి అన్నీ కలిపితే 36 శాతాన్ని కూడా దాటుతుంది. అంటే ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టుకోవడానికి చట్టం అడిగిన సరుకు మీ టిఫిన్‌లో ఉంది. ఖర్చు చూస్తే, పాలు లీటరు 75 అనుకుందాం. చక్కెర 5, పాలపొడి 12, కార్న్‌ఫ్లోర్, ఇలాచీ కలిపి 5. గ్యాస్ ఐదు రూపాయల లోపే. మీగడ ఇంటిదే. వందకు కాస్త అటూఇటూ. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ కిరాణా షాపు చీటీతో సరిచూసుకోండి. వంద రూపాయలకు 800 గ్రాములు. షాపు ఫ్యామిలీ ప్యాక్ ధరను దాని మీద రాసిన గ్రాములతో భాగించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. చిన్న కప్పులో 65 గ్రాముల చొప్పున పెడితే పన్నెండు కప్పులు. కప్పు ఎనిమిది రూపాయలు.

వీడియోల్లో జీఎంఎస్, సీఎంసీ అని రెండు పొడులు చెబుతుంటారు. బేకరీ సామాన్లు అమ్మే షాపుల్లో చిన్న ప్యాకెట్లలో దొరుకుతాయి. రెండూ తిండిలో వాడడానికి అనుమతి ఉన్నవే. జీఎంఎస్ కొవ్వును, నీటిని కలిపి పట్టి ఉంచుతుంది, గాలి నిలుపుతుంది. సీఎంసీ నీటిని పట్టేసి మంచు పలుకులు పెరగకుండా చూస్తుంది. అర లీటరు పాలకు జీఎంఎస్ ఒక పెద్ద చెంచా, సీఎంసీ చిటికెడు చాలు. బీటర్ ఉంటే గిలక్కొట్టినప్పుడు మిశ్రమం బాగా పొంగి అచ్చం షాపు ఐస్‌క్రీమ్‌లా కనిపిస్తుంది. వాడతానంటే వద్దనను. తిండికి పనికొచ్చేదని రాసి ఉన్న సీల్డ్ ప్యాకెట్ మాత్రమే కొనండి, విడిగా పొట్లం కట్టి ఇచ్చేది వద్దు. నా మటుకు కార్న్‌ఫ్లోర్‌తోనే సరిపోతుంది. ఆ పొంగు గాలే కదా, పిల్లల కడుపులోకి పోయేది పాలు.

మీ ఇంటికి ఐస్‌క్రీమ్ కంటే కూడా సరిపోయేది సేమ్యా ఐసు. మన వరంగల్, కరీంనగర్ పల్లెల్లో సైకిల్ మీద డబ్బా కట్టుకుని అమ్మిన పుల్ల ఐసు గుర్తుందా, దాని చివర సేమ్యా ఉండేది. పిల్లలకు అది ఎంత ఇష్టమో, తల్లికి చేయడం అంత తేలిక. లీటరు పాలు ముప్పావు లీటరు అయ్యే దాకా మరిగించి, నెయ్యి వేయకుండా దోరగా వేయించిన సేమ్యా ఒక గుప్పెడు, 120 గ్రాముల చక్కెర వేసి, సేమ్యా మెత్తబడేదాకా ఉడికించండి. ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ పాలలో కలిపి పోసి ఇంకో రెండు నిమిషాలు. చల్లారాక సేమ్యా పీల్చుకుని ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీద పలుచగా ఉండగానే దించాలి. ఇలాచీ వేసి, చిన్న స్టీల్ టీ గ్లాసుల్లో ముందు అడుగున చెంచాడు సేమ్యా, ఆపైన పాలు పోయండి. గ్లాసు నిండా పోయకండి, గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. గంటన్నర తర్వాత సగం గట్టిపడ్డాక పుల్ల గుచ్చితే నిటారుగా నిలుస్తుంది, ముందే గుచ్చితే పక్కకు వాలుతుంది. తీసేటప్పుడు గ్లాసును కుళాయి కింద తిప్పితే జారి వస్తుంది. ఇందులో మిక్సీ తిప్పే పని లేదు, మీగడ అక్కర్లేదు. టోన్డ్ పాలతోనూ బాగుంటుంది. ఎందుకంటే పుల్ల ఐసు కొరుక్కు తినేది, కాస్త గట్టిగా ఉంటేనే అందం. 90 రూపాయల లోపు డజను వస్తాయి. రోజువారీ గొడవకు ఇది, ఆదివారానికో పండుగకో ఐస్‌క్రీమ్ అనుకోండి.

ఈ కాలంలో మామిడి తప్పకుండా చేయాలి. జగిత్యాల తోటల కాయ వరంగల్‌కు వచ్చేటప్పుడు ధర దిగుతుంది, అప్పుడే కొనండి. మెత్తబడి, మచ్చపడి తక్కువకు ఇచ్చే పండు కూడా గుజ్జుకు పనికొస్తుంది, కుళ్లు లేకపోతే చాలు. గుజ్జులో నీళ్లు చాలా ఉంటాయి కాబట్టి మందపాటి కడాయిలో సన్న మంట మీద సగానికి దగ్గరపడేదాకా తిప్పి, చల్లార్చి, చల్లటి పాల మిశ్రమంలో కలపండి. వేడి పాలలో పుల్లటి గుజ్జు పోస్తే విరిగిపోతుంది. రసాలైతే వడకట్టండి, పీచు పళ్లలో ఇరుక్కుంటుంది. దసరాకు సీతాఫలం వచ్చినప్పుడు మాత్రం గుజ్జును పొయ్యి మీద పెట్టొద్దు, వేడికి చేదెక్కుతుంది. పచ్చిగానే కలపాలి. తాటి ముంజలు ఫ్రీజర్‌లో పెడితే గట్టి గడ్డలవుతాయి. కప్పులో ఐస్‌క్రీమ్ పెట్టాక పైన ముక్కలు కోసి వేయండి.

ఫ్రిజ్ గురించి రెండు మాటలు. మీది సింగిల్ డోర్ అయితే ముందు ఫ్రీజర్ గోడలకు పేరుకున్న మంచు కరిగించండి. ఆ మంచు దుప్పటి ఉన్నంతసేపూ లోపల సరిగా చల్లబడదు. గడ్డకట్టించే రోజు నాబ్ పెంచి పెట్టండి. సేమ్యా ఐసును పిల్లలు పడుకున్నాక పెడితే తలుపు మాటిమాటికీ తెరిచే బాధ ఉండదు. పగలంతా తెరుస్తూ మూస్తూ ఉంటే కొంచెం కరిగి, మళ్లీ గడ్డకట్టి పలుకులు పెద్దవవుతాయి. గాలిదుమారం వచ్చి కరెంటు పోతే తలుపు తెరవకండి. ఖాళీ జాగాల్లో నీళ్ల సీసాలు పెట్టి ఉంచితే ఫ్రీజర్ ఎక్కువసేపు చల్లగా ఉంటుంది. పూర్తిగా కరిగి నీళ్లయి, చల్లదనం పోయి రెండు గంటలు దాటితే మాత్రం పారబోయండి, ఎంత ప్రాణం ఒప్పకపోయినా సరే. మళ్లీ గడ్డకట్టిస్తే అందులో పెరిగిన క్రిములు చావవు. పచ్చి గుడ్డు వేసే వంటకాలు కూడా పిల్లల కోసం చేయకండి.

మిషన్ ఎందుకు వద్దంటున్నానంటే, నాలుగైదు వేలలో దొరికేవాటిలో చాలావాటికి ఒక మందపాటి గిన్నె ఉంటుంది. దాన్ని ముందురోజే 12 నుంచి 24 గంటలు ఫ్రీజర్‌లో పెట్టాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఆ గిన్నె పట్టడమే కష్టం, పట్టినా ఇంకేమీ పెట్టలేరు. ఒక విడత చేశాక మళ్లీ ఒక రోజు ఆగాలి. తనంతట తానే చల్లబరుచుకునే మిషన్లు పది వేలు దాటి ఉంటాయి. ఏ మిషన్ కొన్నా పాలు, చక్కెర ఖర్చు తగ్గదు, మిక్సీ తిప్పే రెండు విడతల పని మాత్రమే తగ్గుతుంది. దానికోసం నాలుగు వేలు పెడితే, మీరు మిగుల్చుకునేది నాలుగు నెలలు దానికే పోతుంది. అప్పటికి ఎండాకాలమే అయిపోతుంది.

మీ ఆడబిడ్డ పిల్లలు వచ్చాక ఒకరోజు మధ్యాహ్నం మిషన్ లేకుండానే వాళ్లతో చేయించండి. చిన్న జిప్ కవర్‌లో చల్లటి పాల మిశ్రమం ఒక కప్పు పోసి గట్టిగా మూసి, పెద్ద కవర్‌లో ఐస్ ముక్కలు, గుప్పెడు దొడ్డుప్పు వేసి, చిన్న కవర్‌ను అందులో పెట్టి, టవల్ చుట్టి పది నిమిషాలు ఊపాలి. ఉప్పు కలిస్తే మంచు సున్నా కంటే కిందికి చల్లబడుతుంది, సరైన పాళ్లలో మైనస్ 20 డిగ్రీల దాకా పోతుంది. వెనకటి చెక్క బకెట్ ఐస్‌క్రీమ్ మిషన్లు పనిచేసింది దీనితోనే. టవల్ లేకుండా పట్టుకోనివ్వొద్దు, చర్మం మాడినట్టవుతుంది. బయట కొన్న ఫ్యాక్టరీ ఐస్ అయితే చిన్న కవర్ పైభాగం కడిగి తెరవండి, ఆ నీళ్లు లోపలికి పోకూడదు.

నెల లెక్క కూడా చెబుతాను. ఇప్పుడు మీకు అవుతున్నది 2400 నుంచి 3000. వారానికి ఒక విడత ఐస్‌క్రీమ్, రెండు విడతలు సేమ్యా ఐసు చేస్తే నెలకు 1200 లోపు అవుతుంది. వారానికి ఒక సాయంత్రం మాత్రం పిల్లల్ని భద్రకాళి బండ్ దగ్గరికి తీసుకెళ్లి బయటే కొనివ్వండి. పిల్లలు అడిగేదాంట్లో ఐస్‌క్రీమ్ ఎంతో, అమ్మానాన్నలతో బయటికి పోవడం అంతే. ఆ ఒక్కటీ తీసేస్తే ఇంట్లో ఎంత చేసినా గొడవ ఆగదు. అది కూడా కలిపినా నెలకు వెయ్యి దాకా మిగులుతాయి. ఇంట్లో ఉంది కదా అని పొద్దునొకటి, సాయంత్రం ఒకటి తీసుకుంటే ఏమీ మిగలదు. రోజుకు తలా ఒకటి అని మొదటి రోజే చెప్పేయండి. కరీంనగర్ పిల్లలకు కూడా అదే రూలు. మొహమాటపడితే డజను ఒక్క పూటలో అయిపోతాయి.

పుట్టినరోజుకు పాతికమందికి ఐస్‌క్రీమ్ ఇంట్లో చేయకండి. మీ ఫ్రీజర్‌లో అంత పట్టదు. రెండు మూడు విడతలు మిక్సీ తిప్పి, పండుగ రోజున మీరు నీరసపడి కూర్చుంటారు. హోల్‌సేల్ షాపులో నాలుగు లీటర్ల పెద్ద డబ్బా ముందురోజు ఆర్డర్ చెప్పి, సాయంత్రం కేక్ కోసే గంట ముందు తెప్పించుకోండి. చిన్న కప్పులతో పోలిస్తే చవకగా పడుతుంది. పాతికమంది పిల్లలకు రెండేసి స్కూపులకు సరిపోతుంది. మీ చేత్తో చేసింది కూడా ఉండాలనిపిస్తే రెండు రోజుల ముందు నుంచి విడతకు డజను చొప్పున సేమ్యా ఐసులు చేసి, గ్లాసుల్లోంచి తీసి, ఒక్కోదానికీ కవర్ చుట్టి పెట్టుకోండి. గ్లాసులు మళ్లీ ఖాళీ అవుతాయి. పుల్లలు, కాగితం కప్పులు ముందే తెచ్చిపెట్టుకోండి. పెద్ద డబ్బాకు షాపువాళ్లు స్కూప్ ఇస్తారో లేదో ఆర్డర్ చెప్పేటప్పుడే అడగండి.